ఈసీఎం మార్చే ముందు ఎర్త్ చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసే సీజన్లో, నున్న మార్కెట్టుకు మామిడి దిగే ఎండల్లో పికప్ బండి ఒక్కరోజు ఆగితే ఆ రోజు కిరాయి పోయినట్టే. ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. అలాంటి బండికి సెల్ఫ్ తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే, లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టి ‘లింక్ రావడం లేదు, ఈసీఎం పోయింది, మార్చాలి’ అని పది నిమిషాల్లో తేల్చేయడం విజయవాడలోనూ గుంటూరులోనూ మామూలైపోయింది. ఈసీఎం అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె. కొత్తదంటే మోడల్‌ను బట్టి పదుల వేలల్లో ఖర్చు. అది వచ్చేదాకా రోజుల తరబడి బండి షెడ్డులోనే. తీరా మార్చాక అదే జబ్బు తిరగబెడితే ఓనరుకు మిగిలేది అప్పు. ఆటోనగర్లో రోజూ ఈ వైరింగ్ పనే చేసేవాళ్లుగా పికప్ ఓనర్లకు, డ్రైవర్లకు, మాతోటి మెకానిక్ సోదరులకు కొన్ని సంగతులు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పెద్దదైనా వేయాలని మనవి.

ముందుగా ఒక మాట. ఈసీఎం అంత తేలిగ్గా పోయే వస్తువు కాదు. వేడికీ, అదురుకీ, బ్యాటరీ హెచ్చుతగ్గులకీ తట్టుకునేలా చేసిన పెట్టె అది. అది పనిచేయడం లేదంటే ఎక్కువసార్లు దానికి కరెంటు అందడం లేదు, లేదా ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరే దారి, సరిగా లేదు, లేదా బయట ఏదో ఒక సెన్సార్ దాని గొంతు పట్టుకుని ఉంది. ఈ మూడూ కావని తేలాకే పెట్టె మీద అనుమానం పెట్టుకోవాలి.

కీ ఆన్ చేసి డ్యాష్‌బోర్డు చూడండి. ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలగాలి. అది వెలగకుండా, స్కానర్‌కూ దొరక్కుండా ఉంటే ఈసీఎం నిద్ర లేవలేదని అర్థం. చచ్చిపోయిందని కాదు. లైటు వెలిగి, సెల్ఫ్ కొట్టేటప్పుడు స్కానర్ లైవ్ డేటాలో ఆర్‌పీఎం 200 దగ్గర్లో కనిపిస్తోందంటే ఈసీఎం బతికే ఉంది, ఇంజిన్ తిరుగుడును పసిగట్టే క్రాంక్ సెన్సార్ సిగ్నల్ కూడా చదువుతోంది. అప్పుడు రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలోని ఒత్తిడి, చూడాలి. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లు చాలావాటికి స్టార్టు కావడానికి సుమారు 200 బార్ కావాలి. 60, 70 దగ్గరే ఆగిపోతే గొడవ డీజిల్ ఫిల్టర్లోనో, పంపులోనో, లీకయ్యే ఇంజెక్టర్లోనో ఉంది. ఆర్‌పీఎం సున్నా చూపిస్తుంటే క్రాంక్ సెన్సార్, దాని వైరు, దాని ముందున్న పళ్ల చక్రం చూడాలి. మధ్యాహ్నం ఎండలో ఆగిపోయి సాయంత్రం చల్లబడ్డాక స్టార్టయ్యే బండికి కూడా మొదటి అనుమానం క్రాంక్ సెన్సారే కావాలి. వేడికి పగిలే సోల్డర్ ఈసీఎంలో ఉండొచ్చు గానీ అది తర్వాతి మాట.

ఇప్పుడు కరెంటు సంగతి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చెబుతాం. మల్టీమీటరు పెట్టి ఈసీఎం కప్లర్లో, అంటే వైర్లన్నీ దానికి తగిలే ప్లగ్గులో, 12 వోల్టులు కనిపించగానే ‘కరెంటు బాగానే ఉంది’ అనేస్తారు. మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం. వైరులో ఇరవై పోగులకు పందొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా మీటరు 12 చూపిస్తుంది. ఈసీఎం మేల్కొని రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), ఇంజెక్టర్లు లాగేసరికి ఆ ఒక్క పోగు మోయలేక వోల్టేజి కుప్పకూలుతుంది. అందుకే బల్బు పరీక్ష చేయాలి. 21 వాట్ల ఇండికేటర్ బల్బు, రెండు వైర్లు, రెండు సన్న పిన్నులు చాలు. బ్యాటరీ నెగటివ్ తీసి ఈసీఎం కప్లర్ విప్పి, మళ్లీ బ్యాటరీ తగిలించి, సప్లయి పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య బల్బు పెట్టండి. ఆ బల్బు దాదాపు ఒకటి ముప్పాతిక ఆంపియర్లు లాగుతుంది. నేరుగా బ్యాటరీకి పెడితే ఎంత తెల్లగా వెలుగుతుందో అంత వెలగాలి. ఎర్రగా మినుకుమంటే వైరులోనో, ఫ్యూజు హోల్డర్లోనో, రిలే కాళ్లలోనో దొంగ దొరికినట్టే.

ఇక్కడొక చిక్కుంది. చాలా బళ్లలో తనకు కరెంటు ఇచ్చే మెయిన్ రిలేను ఆన్ చేసేది ఈసీఎమ్మే. కప్లర్ విప్పితే రిలే ఆన్ కాదు, సప్లయి పిన్నులో కరెంటు రాదు. అది చూసి వైరు తెగిందనుకుని కొత్త వైరు లాగేవాళ్లున్నారు. రిలే ఊడదీసి, దాని సాకెట్లో 30, 87 కాళ్లను 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరుతో కలిపి అప్పుడు బల్బు పెట్టాలి. రిలే అనుమానంగా ఉంటే అదే బాక్సులో అదే నంబరున్న ఇంకో రిలేతో మార్చి చూడటం రెండు నిమిషాల పని. రిలే ‘టిక్’ మన్నంత మాత్రాన మంచిదని నమ్మొద్దు. కాయిల్ లాగుతుంది గానీ లోపలి కాంటాక్టులు నల్లబడి ఉంటాయి.

ఎర్త్ కూడా బల్బుతోనే చూడాలి. ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కు, ఇంకో కొస కప్లర్లోని ఎర్త్ పిన్నులకు ఒక్కోదానికీ. ఈసీఎంకు సాధారణంగా రెండు మూడు ఎర్త్ పిన్నులుంటాయి, అన్నీ విడివిడిగా చూడాలి. తర్వాత కప్లర్ తగిలించి వోల్టేజి డ్రాప్, అంటే దారిలో పోయే వోల్టేజి, కొలవాలి. మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, క్లాంపు మీద కాదు, నేరుగా సీసం పోస్టు మీద. ఎర్ర వైరు ఈసీఎం ఎర్త్ పిన్ను వెనక వైపు నుంచి. సెల్ఫ్ కొడుతుండగా 0.1 వోల్టుకు మించకూడదు. 0.4, 0.5 చూపిస్తే ఆ ఎర్త్ బోల్టు విప్పాల్సిందే. విప్పి చూస్తే కింద పెయింటు ఉంటుంది, లేదా తుప్పు పొర. బాడీ కట్టించినప్పుడు ఛాసిస్‌కు రంగు కొట్టేవాళ్లు ఎర్త్ బోల్టు మీదా కొట్టేస్తారు. ఎమరీతో లోహం మెరిసేదాకా రుద్ది, స్టార్ వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయండి. వేలల్లో బిల్లు వేసిన జబ్బు చాలాసార్లు ఈ ఒక్క బోల్టు దగ్గర తీరిపోతుంది.

బ్యాటరీని మరిచిపోవద్దు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కు తగ్గకూడదు, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. సెల్ఫ్ దెబ్బకు వోల్టేజి మరీ జారితే ఈసీఎం మధ్యలో రీసెట్ అయి, లేనిపోని కోడ్లన్నీ రాసిపెడుతుంది. ఆ కోడ్లు చదివి పెట్టె మార్చేస్తే తప్పు ఎవరిది?

స్కానర్‌కు లింక్ రానప్పుడు దాన్ని తగిలించే డయాగ్నస్టిక్ సాకెట్టునే ముందు పరీక్షించాలి. పదహారో పిన్నులో బ్యాటరీ కరెంటు, నాలుగు, ఐదు పిన్నుల్లో ఎర్త్ ఉండాలి. ఈ పదహారో పిన్నుకు వెళ్లే ఫ్యూజులోనే హారనో, సిగరెట్ లైటరో కూడా ఉండొచ్చు. ఫోన్ ఛార్జర్ షార్టయి ఆ ఫ్యూజు పోతే స్కానరే వెలగదు. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసి ఆరు, పద్నాలుగు పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. 60 దగ్గర రావాలి. ఈసీఎం, బండిలోని మిగతా కంప్యూటర్ పెట్టెలు (మాడ్యూళ్లు) ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల క్యాన్ లైనుకు రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ కలిస్తే 60. 120 వచ్చిందంటే ఒక కొస తెగింది. చాలా బళ్లలో ఆ కొస ఈసీఎం లోపలే ఉంటుంది కాబట్టి కప్లర్ వదులుగా ఉందేమో చూడాలి. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు ఎక్కడో ఒరుసుకున్నాయి. సాకెట్టుకూ ఈ లైనుకూ మధ్య గేట్‌వే అనే ఇంకో పెట్టె ఉన్న కొత్త మోడళ్లలో సాకెట్టు దగ్గర ఈ లెక్క కుదరదు, వైరింగ్ డయాగ్రమ్ చూసి గేట్‌వే వెనక కొలవాలి.

జీపీఎస్ ట్రాకర్లు, రివర్స్ కెమెరాలు, పాటల సిస్టమ్ల కోసం కోసిన వైర్లు ఇంకో పెద్ద తలనొప్పి. ఇగ్నిషన్ వైరు చర్మం గీరి, దానికి ఇంకో వైరు మెలేసి, పైన నల్ల టేపు చుట్టి వదిలేస్తారు. రెండు వానాకాలాలు గడిచాక ఆ టేపు విప్పితే లోపల రాగి కనిపించదు, పచ్చటి చిలుము పొడి రాలుతుంది. బయటికి టేపు చక్కగానే ఉంటుంది. అందుకే బండికి తర్వాత పెట్టించిన సామాను ఏదున్నా దాన్ని పూర్తిగా విడదీసి, కంపెనీ వైరును యథాతథంగా కలిపి చూడకుండా ఈసీఎం జోలికి వెళ్లొద్దు.

ఇక ఐదు వోల్టుల కథ. ఈసీఎం తన సెన్సార్లకు 5 వోల్టులు తానే తయారుచేసి పంపిస్తుంది. రైల్ ప్రెషర్ సెన్సార్, యాక్సిలరేటర్ పెడల్, బూస్ట్ సెన్సార్, పొగను కొంత తిరిగి ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు పొజిషన్ సెన్సార్ లాంటివి ఆ లైన్ల మీదే బతుకుతాయి. ఈసీఎంను బట్టి రెండు మూడు లైన్లుంటాయి, ఒక్కో లైను మీద కొన్ని సెన్సార్లు. వాటిలో ఒక్కటి లోపల షార్టయినా ఆ లైను మొత్తం అర వోల్టుకో, సున్నాకో పడిపోతుంది. అప్పుడు ఒకేసారి ఐదారు సెన్సార్ల కోడ్లు వస్తాయి, బండి స్టార్టు కాదు. ఇన్ని సెన్సార్లు ఒకేసారి ఎలా పోతాయి, పోయింది ఈసీఎమ్మే అని వాదిస్తారు. వాదన సబబుగానే తోస్తుంది గానీ తప్పు. కీ ఆన్ చేసి ఏదైనా సెన్సార్ కప్లర్లో 5 వోల్టుల వైరు మీద మీటరు పెట్టి, మిగతా సెన్సార్లను ఒక్కొక్కటే ఊడదీయండి. కొన్ని ఈసీఎంలు షార్టు చూసి లైనును మూసేస్తాయి కాబట్టి ప్రతిసారీ కీ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయాలి. ఏది ఊడదీసినప్పుడు వోల్టేజి 5కు లేస్తుందో అదే దొంగ. అన్నీ తీసినా లేవకపోతే ఈసీఎం కప్లర్ విప్పి ఆ వైరుకూ బాడీకీ మధ్య ఓమ్‌లు చూడండి. వైరు ఎక్కడైనా ఇంజిన్‌కు ఒరిసి ఉంటే ఇక్కడ పట్టుబడుతుంది. వైరు శుభ్రంగా ఉంది, సప్లయి, ఎర్త్ బల్బు పరీక్షలో నెగ్గాయి, అయినా ఈసీఎం 5 వోల్టులు ఇవ్వడం లేదు. అప్పుడు మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు, లోపం పెట్టెలోనే ఉందని.

కోడ్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. పి0601, పి0605, పి0606 లాంటివి ఈసీఎం మెమరీ, ప్రాసెసర్ గురించి చెప్పే కోడ్లే. కానీ వాటితోపాటు పి0562, అంటే వోల్టేజి తక్కువ అనే కోడ్, ఉందేమో చూడండి. ఉంటే ముందు చూడాల్సింది బ్యాటరీ, ఆల్టర్నేటర్ (డైనమో). కోడ్లు చెరిపి, మంచి బ్యాటరీతో నాలుగైదు సార్లు కీ ఆన్, ఆఫ్ చేశాక కూడా పి0606 ఒక్కటే తిరిగి వస్తుంటే అది నిజమైన కోడ్. పి0685 అయితే మెయిన్ రిలే వైపు నడవాలి. యు0100 అంటే మిగతా మాడ్యూళ్లకు ఈసీఎం జవాబివ్వడం లేదని మాత్రమే. ఎందుకివ్వడం లేదో ఆ కోడ్ చెప్పదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో నిలబడ్డ బళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్లు తీశాక కడిగి, ఆయిల్ మార్చి, స్టార్టయిందని సంతోషపడి తిప్పుకున్న బళ్లు నెలల తర్వాత కూడా మొరాయించవచ్చు. మురుగు కలిసిన నీళ్లలో ఉప్పులుంటాయి. బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ ఆ తడిలో పాజిటివ్ పిన్ను కరుగుతూనే ఉంటుంది. అందుకే కప్లర్ విప్పి చూస్తే ఎర్త్ పిన్ను బాగుండి, దాని పక్కనున్న బ్యాటరీ సప్లయి పిన్ను పచ్చగా, సగం తిని వదిలేసినట్టు ఉంటుంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు వైరు పోగుల సందుల్లోంచి నీరు పైకి పాకి, డ్యాష్‌బోర్డు కింద ఎత్తులో ఉన్న ఈసీఎం దాకా కూడా చేరుతుంది. వరదలో మునిగిన బండి కొనేవాళ్లూ, ఉన్నవాళ్లూ ఈసీఎం కప్లర్ ఒకసారి విప్పించి టార్చిలైటు వేసి చూడాలి. చిలుము పైపైన ఉంటే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, మెత్తటి బ్రష్ సరిపోతాయి. పెట్రోలు, డీజిలు వాడొద్దు, రబ్బరు సీలు ఉబ్బిపోతుంది. గరుకు కాగితం వేస్తే పిన్ను మీద పూత పోయి మరింత త్వరగా చిలుము పడుతుంది. తిన్న పిన్ను అయితే ఆ టెర్మినల్ మార్చాలి. ఇంకొక ముఖ్యమైన సంగతి, టెస్ట్ లైటు మొనను కప్లర్ రంధ్రాల్లోకి గుచ్చొద్దు. పిన్ను పట్టు వదులై, అప్పటిదాకా లేని కొత్త జబ్బు మొదలవుతుంది. వెనక వైపు నుంచి సన్న సూది లాంటి ప్రోబ్‌తోనే చూడాలి.

ఈసీఎం పోయిందని రుజువయ్యాక ఎందుకు పోయిందో పట్టుకోకుండా కొత్తది తగిలించొద్దు. ముఖ్యంగా ఒకటి రెండు సిలిండర్లు కొట్టడం లేదని, పి0201 నుంచి పి0204 దాకా ఇంజెక్టర్ కోడ్లు వచ్చి, ఈసీఎంలో డ్రైవర్, అంటే ఇంజెక్టర్‌ను నడిపే సర్క్యూట్, కాలిందని తేలిన బళ్లలో. ఇంజెక్టర్ కాయిల్‌లోనో, దాని వైరులోనో షార్టు ఉంటే అదే డ్రైవర్ను కాల్చింది. కొత్త ఈసీఎం పెట్టి సెల్ఫ్ కొట్టిన క్షణంలో దాన్నీ కాలుస్తుంది. కామన్ రైల్ సోలినాయిడ్ ఇంజెక్టర్ కాయిల్ రెసిస్టెన్సు సాధారణంగా అర ఓమ్‌కు లోపే ఉంటుంది. మామూలు మీటరు వైర్లే 0.2, 0.3 ఓమ్‌లు చూపిస్తాయి. ముందు రెండు కొసలూ కలిపి ఎంత వస్తుందో చూసుకుని దాన్ని తీసేయాలి. నాలుగు ఇంజెక్టర్లూ ఒకదానికొకటి సరిపోల్చాలి. కాయిల్‌కూ బాడీకీ మధ్య, కప్లర్లు విప్పి కొలిస్తే, మీటరు ఏ కలయికా చూపకూడదు. ఇంజెక్టర్ వైరింగ్ ఇంజిన్ మీదుగా వెళ్లేచోట క్లిప్పు విరిగి బ్రాకెట్టుకు ఒరుసుకుంటూ ఉంటుంది. అక్కడ గొట్టం విప్పి చూడాలి. ఇంజెక్టర్‌కు నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి ‘టక్ టక్’ వినడం మాత్రం ఎవరూ చేయొద్దు. నడుస్తున్న ఇంజిన్లో ఆ వైర్ల మీద 60 వోల్టులకు పైగా ఉంటుంది, చేయి పెట్టకూడదు, కప్లర్ పీకకూడదు.

మిగతా కారణాలు మన అలవాట్లలోనే ఉన్నాయి. డైనమో ఛార్జ్ చేస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకడం పాత బళ్ల రోజుల నాటి పద్ధతి. ఇప్పటి బండిలో అలా పీకితే ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటుకు పోయే దారి లేక వోల్టేజి ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ దెబ్బ ఈసీఎంకు తగులుతుంది. జంపర్ కేబుళ్లు తారుమారు చేయడం ఇంకోటి. పికప్‌లకు ప్రత్యేకంగా వచ్చే ముప్పు వెల్డింగ్. జాలీ, కేరియర్, వెనక డాలా కొక్కెం అంటూ బండి మీద ఎప్పుడూ ఏదో ఒకటి వెల్డింగ్ చేయిస్తూనే ఉంటారు. బ్యాటరీ రెండు టెర్మినళ్లూ తీసి, ఈసీఎం కప్లర్ విప్పి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును వెల్డింగ్ పడేచోటికి జానెడు దూరంలో బిగించాకే ఆర్క్ కొట్టాలి. బాడీ బిల్డర్లకు ఇది చెప్పి చేయించుకునే బాధ్యత ఓనరుదే.

ఇక మార్పు. పాత ఈసీఎం మీది స్టిక్కరును ఫోటో తీసుకోండి. హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ కావాలి. చూపుకు ఒకేలా ఉండి, కప్లర్ సరిగ్గా కూర్చునే పెట్టె వేరే ఇంజిన్‌ది కావచ్చు. బీఎస్4 బండిదీ, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండిదీ ఒకటి కాదు. విప్పేముందు కీ ఆఫ్ చేసి కనీసం రెండు నిమిషాలు ఆగాలి. కీ తీశాక కూడా ఈసీఎం కాసేపు మేల్కొని తన లెక్కలు మెమరీలో రాసుకుంటుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్, ఆపైన కప్లర్. కప్లర్ లాకు లివరు పూర్తిగా తిప్పకుండా లాగితే పిన్నులు వంగుతాయి.

సాధ్యమైతే పాత ఈసీఎంతో చివరిసారి మాట్లాడించి, అందులోని సమాచారం మొత్తం స్కానర్లో భద్రం చేసుకోవాలి. కొత్తదానిలో ముందుగా 17 అక్షరాల ఛాసిస్ నంబరు, బండి వేరియంట్ రాయాలి. అసలు కీ కాకపోతే ఇంజిన్‌ను నడవనివ్వని ఇమ్మొబిలైజర్ ఉంటే కీతో జత చేయాలి, లేకపోతే సెల్ఫ్ తిరిగినా ఇంజిన్ అందుకోదు, లేదా అందుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది. నాలుగు ఇంజెక్టర్ల తలల మీద చెక్కిన కోడ్లు సిలిండర్ వరసలో ఎక్కించాలి. ఒక్క అక్షరం తప్పినా ఐడిల్లో అదురు, నల్ల పొగ, టకటక శబ్దం. ఆ కోడ్ల మీద మసి పట్టి ఉంటుంది, తుడిచి ఫోటో తీసుకోండి. డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉన్న బండికి పాత మసి, బూడిద లెక్కలు కూడా ఎక్కించాలి. ఎక్కించకపోతే కొత్త ఈసీఎం ఫిల్టర్ కొత్తదే అనుకుని శుభ్రం చేసే పని వాయిదా వేస్తుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది. సాఫ్ట్‌వేర్ రాసేంతసేపూ బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచాలి. మధ్యలో వోల్టేజి పడిపోయి ఆగిపోతే కొత్త పెట్టె అక్కడికక్కడే పనికిరాని ఇటుక. ఆ సమయంలో ఏసీ, హెడ్‌లైట్లు, ఫ్యాన్ అన్నీ ఆఫ్.

సెకండ్‌హ్యాండ్ ఈసీఎం చవకగా దొరుకుతుంది. అది పాత బండి కీతో, పాత బండి ఛాసిస్ నంబరుతో ముడిపడి ఉంటుంది. పాతదాని డేటాను దానిలోకి పూర్తిగా కాపీ చేయగలిగితే, అంటే క్లోన్ చేయగలిగితే, కీ గొడవ లేకుండా నడుస్తుంది. మీ పాత ఈసీఎంలో మెమరీ బాగుండి, డ్రైవర్లో మాత్రమే లోపం ఉన్నప్పుడు ఇది మంచి దారే. మెమరీయే పాడైతే క్లోన్ చేసేది పాడైన డేటానే. ఈ సందట్లో ‘డీపీఎఫ్, ఈజీఆర్ తీసేసి రాస్తాం, ఇంజిన్ పికప్ పెరుగుతుంది’ అంటారు. ఒప్పుకోవద్దు. పొగ పెరుగుతుంది, కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు కూడా.

మార్చాక స్టార్టవడంతో పని అయిపోదు. ఇంజిన్ వేడెక్కాక రైల్ ప్రెషర్ కోరినదీ, వచ్చినదీ పక్కపక్కన చూడాలి, చాలా ఇంజిన్లలో ఐడిల్లో సుమారు 250 నుంచి 350 బార్ మధ్య ఉంటుంది. లోడుతో పదిహేను, ఇరవై కిలోమీటర్లు తిప్పి మళ్లీ స్కాన్ చేయాలి. బిల్లు మీద కొత్త ఈసీఎం నంబరు, ఏయే పరీక్షలు చేశారు, ఎంత వచ్చింది రాయించుకోండి. పాత పెట్టె అడిగి తీసుకోండి. ‘సప్లయి పిన్ను దగ్గర లోడులో ఎంత వోల్టేజి వచ్చింది? ఎర్త్ డ్రాప్ ఎంత? 5 వోల్టులు ఉన్నాయా?’ అని మూడు ప్రశ్నలు వేయండి. జవాబు చెప్పలేని చోట బండి వదలొద్దు.

చివరిగా ప్రభుత్వానికి, కంపెనీలకు ఒక విన్నపం. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు దక్కనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చి అందులో ఆటోమొబైల్ రంగాన్నీ చేర్చింది. కానీ ఈసీఎం జత చేయడానికి కావలసిన పాస్‌వర్డు, సరైన వైరింగ్ డయాగ్రమ్ న్యాయమైన ధరకు చిన్న షెడ్డుకు దక్కనంతకాలం ఓనరుకు రెండే దారులు, ఎంత చెబితే అంత కట్టడం, లేదా దొంగ సాఫ్ట్‌వేరుతో రాయించుకోవడం. రుసుము కట్టి, వివరాలు నమోదు చేసుకుని, ఒక్కో బండికి ఒక్కో అనుమతి తీసుకునే పద్ధతి పెడితే మేం కట్టడానికి సిద్ధం. ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ చదివే పిల్లలకు స్కానర్ నొక్కడం కన్నా ముందు బల్బు పరీక్ష, వోల్టేజి డ్రాప్ నేర్పాలి, సిగ్నల్‌ను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు చేతికివ్వాలి. సొంత బండి తోలుకుని బతికే పికప్ ఓనరు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుడే. తప్పు రోగనిర్ధారణతో అనవసరంగా ఈసీఎం మార్చారనుకుంటే బిల్లు, పాత పెట్టె, స్కాన్ రిపోర్టు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇట్లు,
ఆటో ఎలక్ట్రికల్ పనివాళ్లం,
ఆటోనగర్, విజయవాడ